అద్దం కింద బల్ల

మా బ్యాలే స్కూల్లో మెట్ల పక్కన గోడకి ఒక బోర్డుంది. టీచర్లు ఎవరెవరు, ఎక్కడ నేర్చుకున్నారు, ఎక్కడెక్కడ ఆడారు అన్నది దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఈ మధ్య అదే రాత స్కూలు వెబ్‌సైటులోకి కూడా ఎక్కింది. పిల్లల్ని చేర్చడానికొచ్చే తల్లులు లోపలికి రాకముందే ఆ బోర్డు దగ్గర ఆగుతారు. మందుసీసా మీద చీటీ చదివినట్టు పైనుంచి కిందికి చదువుతారు. నా దగ్గరికొచ్చేసరికి వాళ్ళ కళ్ళు ఆగకుండా జారిపోయేవి. నా పేరు కింద అప్పట్లో ఉన్నది ఒకటే వాక్యం: "చిన్ననాటి నుంచి ఈ స్కూల్లోనే నేర్చుకున్నారు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. రాసిన చెయ్యి ఎంత నేర్పరిదో ఆలోచించండి.

మిగతావాళ్ళ గురించి రాసినవీ అబద్ధాలేం కావు. పెద్ద మిస్ అని మేం పిలిచే ఆవిడ ఈ స్కూలు పెట్టిన మనిషి, డెబ్బై దాటిన బెంగాలీ ఆవిడ. ఆవిడ పేరు కింద "విదేశీ నాట్యబృందంలో సభ్యురాలు" అని ఉండేది. వయసులో ఉండగా ఒకే ఒక్క చలికాలం ఆ బృందంతో తిరిగారు. వెనక వరసలో కాగితం పూల కొమ్మ పట్టుకుని నిలబడే పాత్ర. ఆవిడే ఈ సంగతి చెప్పి, "కొమ్మ మాత్రం ఒక్కరోజూ వణకనివ్వలేదు" అని నవ్వుతారు. పెద్ద క్లాసులకు చెప్పే మాస్టారు, బెంగాలీ అలవాటున అందరం దాదా, అంటే అన్నయ్య, అని పిలిచే ఆయన పేరు కింద "జిమ్నాస్టు" అని ఉంటుంది. నిజమే, ఆ ఆటతోనే ఆయనకు రైల్వేలో ఉద్యోగం వచ్చింది. పగలంతా షాలిమార్ గూడ్సు ఆఫీసులో ఏ వ్యాగను ఏ పట్టాల మీద ఉందో వెతికి, సాయంత్రం చొక్కా మార్చుకుని వచ్చి పిల్లల చేత గెంతులు వేయిస్తాడని మాత్రం ఉండదు. పియానో వాయించే పెద్దాయన కుర్రతనమంతా ఒక హోటల్లో, భోంచేసేవాళ్ళ పక్కన వాయించాడు. ఆయన పేరు కింద "కచేరీ విద్వాంసుడు" అని ఉంటుంది. అందరి చరిత్రకీ కాస్త ఇస్త్రీ పడింది. నాదొక్కటే మడతపెట్టి పెట్టెలో దాచేశారు.

దాచింది ఏమిటో చెప్పేస్తాను. మా అమ్మ ఈ స్కూల్లో ఆయా. హాలు తుడవడం, పిల్లల జడలు బిగించి ముడులు వెయ్యడం, బూట్లకి ఎలాస్టిక్ కుట్టడం ఆవిడ పని. నాన్న మునిసిపాలిటీలో మురుగుకాలవల పనివాడు. ఏక్‌బాల్‌పూర్‌లో మా ఇల్లు. రేవులో పనిచేసేవాళ్ళు, కాలవలు తీసేవాళ్ళు, రకరకాల ఊళ్ళవాళ్ళు ఉండే వాడ. మావాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాల్‌కి వచ్చి మూడు తరాలయింది. ఇప్పుడు నేను రాస్తున్న ఈ తెలుగు నాన్న పెట్టిన భిక్ష. క్యాలెండరు చూపించి అక్షరాలు దిద్దించాడు. ఊరి నుంచి ఎవరొస్తున్నా పాత వారపత్రికలు పట్టుకు రమ్మనేవాడు. మా వాడలో నా ఈడువాళ్ళకి తెలుగు నోటితోనే సరి.

బడి వదిలాక నన్ను కనిపెట్టుకుని ఉండడానికి ఇంట్లో ఎవరూ లేక, అమ్మ నన్ను తన వెంట తెచ్చుకునేది. హాల్లో ముందు గోడ మొత్తం అద్దం. ఆ అద్దం కింద, పియానో పక్కన, ఒక పొట్టి చెక్కబల్ల ఉండేది. ఇప్పటికీ ఉంది. అమ్మ నన్ను దాని మీద కూర్చోబెట్టి, "కూకో. నెగిసేవంటే సూడు" అని వేలు చూపించి పనిలోకి పోయేది. నాకప్పుడు ఆరేళ్ళు. నా ఈడు ఆడపిల్లలే నాకెదురుగా రెండు వరసల్లో, గులాబీరంగు బూట్లు తొడుక్కుని నిలబడేవాళ్ళు. వాళ్ళెవరూ నన్ను చూసేవాళ్ళు కారు. నా నెత్తి మీదుగా అద్దంలో తమని తాము చూసుకునేవాళ్ళు. నేను మాత్రం వాళ్ళని తప్ప ఇంకేమీ చూసేదాన్ని కాదు.

పదేళ్ళపాటు అలా చూశాను. బల్ల కింద నా పాదాలు కదులుతూనే ఉండేవి. ఇంటికొచ్చాక వంటగది కిటికీ ఊచలు పట్టుకుని మొత్తం చేసేదాన్ని. అమ్మ కళ్ళెర్రజేసేది కాని ఆపమనేది కాదు. ఆ పదేళ్ళలో లైనులో ఒక్కసారి కూడా నిలబడలేదు. నిలబడమని ఎవరూ అనలేదు. నిలబడతానని నేనూ అడగలేదు. మేముండేది ఎక్కడో, వాళ్ళుండేది ఎక్కడో నాకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

పంతొమ్మిదో ఏట, అమ్మకి సాయంగా బూట్లు తొడుగుతూ ఉండగా, చంటిపిల్లల టీచరు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఒక మధ్యాహ్నం మేడమీద గదిలో పదిమంది చంటివాళ్ళు ఒక్కసారిగా ఏడుపు లంకించుకున్నారు. వాళ్ళ ముందు నిలబడి కప్పగంతులు, సీతాకోకచిలకలు మొదలుపెట్టాను. ఏడుపు ఆగింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న పెద్ద మిస్, "రేపు కూడా రా" అన్నారు. ఆ రేపు ఇరవై ఏళ్ళు సాగింది.

ఇక్కడ మా పనిలో ఒక చిన్న కిటుకు చెప్పాలి. మరీ చిన్నపిల్లలకు నేర్పేటప్పుడు టీచరు వాళ్ళకెదురుగా నిలబడుతుంది. పిల్లలు కుడికాలు కదపాలంటే, టీచరు నోటితో "కుడి" అంటూ తను మాత్రం ఎడమకాలు కదపాలి. అప్పుడే వాళ్ళకి అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది, తికమకపడకుండా వస్తుంది. కొత్తగా చేరిన టీచర్లకి ఇది అలవాటయ్యేసరికి నెలలు పడుతుంది. నాకు మొదటిరోజే వచ్చేసింది. పెద్ద మిస్ మెచ్చుకున్నారు, దాదా మెచ్చుకున్నాడు. నన్ను నేను అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నాను. అంత తేలిగ్గా ఎందుకు వచ్చిందా అని ఒక్కనాడైనా అనుమానించలేదు.

కిందటేడు పెద్ద మిస్ నన్ను పిలిచి, మొదటి పరీక్ష క్లాసు ఇక నాదే అన్నారు. ఎనిమిదేళ్ళ పిల్లలు ఎనిమిదిమంది, పెద్ద హాలు, పియానో. ఏడాది చివర బయట దేశం నుంచి వచ్చే పరీక్షకురాలు. ఇరవై ఏళ్ళ తర్వాత మేడమీద నుంచి కిందికి దిగాను. నన్ను చంటిపిల్లల ఆయా కింద జమకట్టే తల్లులు కూడా గుడ్ ఈవెనింగ్ చెప్పడం మొదలెట్టారు. నాకు ఆ క్లాసు ఎంత కావాలో అది చేతికొచ్చాకే తెలిసింది. బోర్డు మీద నా వాక్యం పెద్ద మిస్ రాయించింది కూడా అప్పుడే.

ఇంటికెళ్ళి చెప్పాను. అమ్మ పక్కింటి పిల్లని పిలిచి, ఫోనులో ఆ వాక్యం తీయించి, తెలుగులో చెప్పించుకుని విన్నది. మళ్ళీ చెప్పించుకుంది. మూడోసారి కూడా. ఎంత పొంగిపోతోందో కదా అనుకుని నేను గర్వంగా వంటగదిలోకి పోయాను.

పెద్ద హాల్లో పద్ధతి వేరు. అక్కడ టీచరు పిల్లలకి వీపు పెట్టి, వాళ్ళలాగే అద్దం వైపు తిరిగి ముందు నిలబడుతుంది. పిల్లలు వెనకనుంచి చూసి చేస్తారు. నేనూ అలాగే నిలబడ్డాను. అద్దంలో నా వెనక ఎనిమిది మొహాలు కనిపిస్తుంటే ఒళ్ళు పులకరించింది.

పరీక్షకి మూడు వారాలుందనగా పెద్ద మిస్ కుర్చీ వేసుకుని కూర్చుని ఒకసారి మొత్తం చేయించమన్నారు. నియమం ప్రకారం ప్రతిదీ కుడికాలితో మొదలవ్వాలి. పియానో మొదలైంది. పిల్లలు రెండు వరసల్లో నిలబడి, గడ్డాలెత్తి, ఎంతో అందంగా ఎనిమిది ఎడమకాళ్ళు ముందుకు చాపారు. ఒక్కరు కూడా తడబడలేదు. నేను పక్కన నిలబడి మురిసిపోతున్నాను. నా కంటికి ఏ తప్పూ కనపడలేదు.

పెద్ద మిస్ చెయ్యెత్తారు. పియానో ఆగింది. "ఏ కాలమ్మా అది?" అని పిల్లల్ని అడిగారు.

ముందు వరసలో పిల్ల నా వైపు చూసి, "మిస్ నోటితో కుడి అంటారు, కాలేమో ఇది వేస్తారు. మేం కాలినే చూస్తాం" అంది. మేడమీద క్లాసు నుంచీ నా దగ్గరే పెరిగిన పిల్ల అది. నేనన్నదానికీ చేసినదానికీ పొంతన లేకపోవడం దానికి పుట్టినప్పటి నుంచీ మామూలే.

పిల్లల్ని మంచినీళ్ళకి పంపేసి, పెద్ద మిస్ నన్ను చేసి చూపమన్నారు. చేశాను. నోరు "కుడి" అంది. ఎడమకాలు వెళ్ళింది. తెలిసి కూడా వెళ్ళింది. మళ్ళీ చేయమన్నారు. ఈసారి ఎడమకాలిని బలవంతాన ఆపితే ఏం చెయ్యాలో తెలియక రెండు కాళ్ళూ నేలకి అతుక్కుపోయాయి. ఇరవై ఏళ్ళ టీచర్ని, చంటిపిల్లలా నిలబడిపోయాను. పియానో పెద్దాయన మర్యాదగా కిటికీలోంచి బయటకి చూడడం మొదలుపెట్టాడు.

పెద్ద మిస్ చూపు నా మీద లేదు. అద్దం కింద బల్ల మీద ఉంది. దాని మీద పిల్లల నీళ్ళసీసాలు వరసగా పెట్టి ఉన్నాయి.

"నాదే బుద్ధితక్కువ. నువ్వు అక్కడి నుంచి కదా చూసింది" అన్నారు ఆవిడ బెంగాలీలో.

అప్పుడు నాకు తట్టింది. ఎదురుగా ఉన్న పిల్లల కుడికాలు నాకు ఎడమవైపు కనిపించేది. నేను నా ఎడమకాలు కదిపేదాన్ని. పదేళ్ళూ అద్దం ఉన్నచోట కూర్చున్నాను కాబట్టి, అద్దం చేసే పనే చేశాను. మేడమీద చంటివాళ్ళకి ఎదురుగా నిలబడినన్నాళ్ళూ తిరగబడినది మళ్ళీ తిరగబడి తిన్నగా కనిపించింది. నా ప్రతిభ అనుకుని ఇరవై ఏళ్ళు మురిసిపోయినది ఇదన్నమాట. పెద్ద హాల్లో వీపు పెట్టి నిలబడేసరికి బండారం బయటపడింది.

"రెండు దార్లున్నాయి" అన్నారు పెద్ద మిస్. "ఈ క్లాసు దాదాకి ఇచ్చేస్తాను. నువ్వు మేడమీదకి వెళ్ళిపో. బోర్డు మీద రాత అలాగే ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. అలా కాదంటే రేపటి నుంచి పొద్దున్న నా క్లాసులో పిల్లలతోపాటు లైనులో నిలబడు. కుడికాలు నేర్చుకో. క్లాసు నీదే. కాని అందరూ చూస్తారు. ఎందుకని అడుగుతారు. అడిగితే నేను అబద్ధం చెప్పను."

"ఇన్నాళ్ళూ చెప్పిందేమిటి మరి?" అన్నాను. నాకు కోపమొస్తే ఎదుట ఎవరున్నారో చూసుకోను.

"ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు" అన్నారావిడ, చిన్నబుచ్చుకోకుండా.

బస్సులో దారంతా ఉడికిపోతూనే ఉన్నాను. క్లాసు వదులుకోవడమంటే ప్రాణం మీదికొచ్చినట్టుంది. లైనులో నిలబడితే, గుడ్ ఈవెనింగ్ చెప్పిన తల్లులందరికీ నేను ఆయా కూతుర్నని తెలుస్తుంది. అదీ సహించలేను. కోపం ఎవరి మీద చూపించాలో తెలియనప్పుడు మనిషి ఇంటికెళ్ళి అమ్మ మీద చూపిస్తాడు. నేనూ అంతే చేశాను.

అమ్మ గుమ్మంలో కూర్చుని దొండకాయల్లాంటి చిన్న పొట్లకాయలు గీరుతోంది. వాటిని మేం ఇక్కడివాళ్ళలాగే పొటోల్ అంటాం. చెప్పులు విప్పకుండానే మొదలెట్టాను. "నన్ను తీసికెల్లి ఆ అద్దం కింద ఎందుకు కూకోబెట్టినావే? ఎనకాల తలుపు కాడ కూకోబెడితే నీ సొమ్మేటి పోయిందే? ఆల ఎనకనుంచి సూసుంటే తిన్నగా నేర్సుకుందును గదా! ఇప్పుడు నా కిలాసు పోతాది."

జరిగినదంతా కక్కేశాను. అమ్మ చాకు కింద పెట్టి విన్నది.

"తలుపు కాడే కూకోబెట్టమన్నారే" అంది చివరికి. "ఆయాల పిల్లలు అక్కడే కూకోవాల. ముందొక రోజు కూకోబెట్టినాను కూడా."

"మరేటయినాది?"

"నేల తుడుస్తా నీకేసి సూసినాను. నీకు ఆ పిల్లల ఈపులే అగుపిస్తన్నాయి. మెడ సాసి, అటూ ఇటూ ఒంగి, ఒక్క మొకమైనా అగుపిస్తాదేటోనని సూస్తన్నావు. మీ నానకీ నాకూ ఎప్పుడూ ఈపులే గదే. మనం పన్లోకెల్తే మనకేసి మొకం తిప్పి ఎవులు సూస్తారు? నా గుంట అయినా మొకాలు సూడాల అనిపించినాది. మీ పెద్ద మిస్ మేమ్‌సాబు కాళ్ళకాడ కూకుని బతిమాలి ఆ బల్ల మీదకి మార్సినాను."

చెప్పులు విప్పి అమ్మ పక్కన కూర్చున్నాను. గొంతు తగ్గించి అన్నాను. "లైన్లో నిలబడితే బోర్డు మీద రాత మార్సీవలసొస్తాది. నువ్వు ఆయావని అందరికీ తెలిసిపోతాది. నువ్వు మూడుసార్లు సెప్పించుకుని మరీ సంబరపడినావు గదా, ఆ రాత ఉండదు."

అమ్మ నా మొహంలోకి చూసింది. "సంబరమేటే? ఆ రాతలో ఎక్కడైనా నానున్నానేటోనని సెప్పించుకున్నాను. మూడుసార్లు సెప్పించుకున్నా లేను."

అని చాకు తీసుకుని పొటోల్ గీరడం మొదలుపెట్టింది. ఇది జరిగి ఏడాదయింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. అమ్మ పొంగిపోతోందని ఎంత హాయిగా అనుకున్నాను! ఆవిడ తనని తాను వెతుక్కుంటూ ఉంటే, నేను వంటగదిలో టీ కాచుకుంటున్నాను.

మర్నాడు పొద్దున్న లైనులో నిలబడ్డాను. నాకు ముందూ వెనకా పదేళ్ళ పిల్లలు. మొదటిసారిగా ఆ అద్దంలో, ఆ వరసలో, నన్ను నేను చూసుకున్నాను. నలభై ఏళ్ళ మనిషిని, చెవుల దగ్గర నెరుపు, పక్కవాళ్ళంతా నా భుజం దాటని పిల్లలు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. పియానో మొదలైంది. అందరి కుడికాళ్ళూ వెళ్ళాయి, నా ఎడమకాలు వెళ్ళింది. పక్కపిల్ల తన మోచేత్తో నన్ను పొడిచి, "ఇటు, మిస్" అని గుసగుసలాడింది. ఎందుకు మీరు ఇక్కడ నిలబడ్డారని క్లాసయ్యాక వాళ్ళే అడిగారు. చెప్పాను. ఆ బల్ల చూపించి మొత్తం చెప్పాను. వాళ్ళకి అదేమీ వింతగా తోచలేదు. ఇద్దరు మాత్రం వెళ్ళి ఆ బల్ల మీద కూర్చుని, నిజంగానే అన్నీ తిరగబడి కనిపిస్తాయా అని చూసుకున్నారు.

నా క్లాసులో ఎనిమిదిమందీ మూడు రోజుల్లో కాలు మార్చేసుకున్నారు. నాకు మూడు వారాలూ చాలలేదు. పరీక్ష రోజు నేను హాల్లో ఉండకూడదు కాబట్టి బతికిపోయాను. తలుపు బయట నిలబడి, లోపల ఏ కాళ్ళు కదులుతున్నాయో అని గుండె చేత్తో పట్టుకున్నాను. ఎనిమిదిమందీ పాసయ్యారు. ఒకరిద్దరు తల్లులు గుడ్ ఈవెనింగ్ మానేశారు. అంతకంటే కొంపలేం మునగలేదు. ఈ రోజుకీ తొందరలో ఉంటే నా ఎడమకాలే ముందు పడుతుంది. ఇక ముందూ అంతేనేమో.

బోర్డు రాత నేనే చెప్పి మార్పించాను. "ఈ స్కూల్లో ఆయాగా పనిచేసిన తన తల్లి అద్దం కింద బల్ల మీద కూర్చోబెట్టగా, ఎదుటినుంచి చూసి నేర్చుకున్నారు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు నేర్పుతున్నారు." పెయింటరు వచ్చినరోజే పెద్ద మిస్ తన పేరు కింద కాగితం పూల కొమ్మ సంగతి కూడా రాయించుకున్నారు. దాదా మాత్రం గూడ్సు ఆఫీసు ఊసెత్తలేదు. ఎవరి ఇష్టం వారిది.

ఆ ఆదివారం అమ్మని తీసుకొచ్చాను. పని మానేసి ఎనిమిదేళ్ళయినా, మెట్ల మీద ధూళి కనిపించగానే చీర కొంగుతో వంగబోయింది. రెక్క పట్టుకుని లేపి బోర్డు ముందు నిలబెట్టాను. నా వాక్యం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాను. ఆవిడకి ఏ అక్షరమూ రాదు. అయినా బోర్డుకి మొహం దగ్గరగా పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"ఇందులో నానెక్కడున్నానే?" అంది.

ఆవిడ వేలు పట్టుకుని "తల్లి" అన్న మాట మీద పెట్టాను.

"ఇక్కడ."

అప్పుడే ఎవరో పిల్లని చెయ్యి పట్టుకుని వచ్చిన తల్లి, బోర్డు చదవాలని మా వెనక ఆగింది. కాస్త జరుగుతారా అన్నట్టు మర్యాదగా దగ్గింది. నేను పక్కకి జరిగాను. అమ్మ జరగలేదు, వేలు కూడా తియ్యలేదు.